కాప్టిక్ గ్రంథముల రక్షణము

ప్రాచీనగ్రంథ మొకటి భూమిలో దొరకినదన్న వార్త పత్రికలలో పెద్దయక్షరములతో వచ్చును. ఆ గ్రంథమునకు పుటపుటకును ఛాయాపటము తీసి, సంఖ్య వేసి, సూచిక వ్రాసి ముగించిరన్న వార్త, వచ్చినచో, కడపటిపుటలో నొకమూల వచ్చును. మేమీ వారము ఆ మూలవార్తనుగూర్చియే వ్రాయదలచితిమి. ఈజిప్టుదేశపు కాప్టిక్ గ్రంథముల చరిత్రను ఓపికతో చదివినవారికి, ఒక జాతి పూర్వసంపద ఆ జాతికి దక్కుటయు, లోకమున కుపయోగపడుటయు ముప్పాతికపాలు ఈ పనిమీదనే యాధారపడియున్నవని తోచకమానదు.

కాప్టులనగా ఈజిప్టుదేశపు క్రైస్తవులు. వారి భాష బయటినుండి వచ్చినది కాదు. ఫారో చక్రవర్తులనాటి భాషయే కాలక్రమమున మారి కాప్టిక్ అయినది. వారు గ్రీకులిపిని గైకొని, గ్రీకున లేని ధ్వనులకు తమ పాతలిపినుండి కొన్ని యక్షరములను చేర్చుకొనిరి. అరబ్బీ వచ్చిన కొన్ని శతాబ్దములకు ఈ భాష సంసారవ్యవహారమునుండి తొలగిపోయినది. నేడు వారి దేవాలయములలోని ప్రార్థనలయందు నిలిచియున్నది. 1822లో షాంపోలియన్ పండితుడు ఈజిప్టు చిత్రలిపి మర్మమును విప్పినప్పుడు ఆయనకు చేతికఱ్ఱ యైనది కాప్టిక్ భాషాజ్ఞానమే. కావున ఈ భాషలోని చినిగిన యాకు సైతము ఒక మతమువారి యాస్తి మాత్రమే కాదు, ఆ దేశీయుల నాలుగువేలయేండ్ల వాక్కునకు తుదిభాగము.

ఆ యాకు ఎట్టిదో మన పాఠకులకు చెప్పవలయును. నీటియొడ్డున పెరుగు జమ్మువంటి మొక్క కాండమును పలుచని బద్దలుగా చీల్చి, ఒకవరుస అడ్డముగను వేరొకవరుస నిలువుగను పేర్చి, అదిమి యారబెట్టినది పపైరసు. ఎడారి యిసుకలో పొడిగానున్నంతకాలము రెండువేలయేండ్లయినను నిలుచును. తడి తగిలిన క్రుళ్లును. ఎండి పెళుసెక్కినదానిని మోటుచేతితో పట్టుకొనిన పొడియై రాలును. మన తాటియాకునకున్న సత్తువ దానికి లేదు.

1945వ సంవత్సరాంతమున ఎగువ ఈజిప్టులో నాగ్ హమ్మాది పట్టణసమీపమున, జబల్ అల్ తారిఫ్ అను కొండపాదమున, ఎరువుమన్ను త్రవ్వుకొనబోయిన పల్లెవారికి ఒక కుండ దొరకెననియు, దానిలో తోలుఅట్టల పుస్తకము లుండెననియు ప్రసిద్ధి. ఇంటికి తెచ్చిన పిమ్మట కొన్నియాకులు పొయ్యిలోనికి పోయినవట. ఈ కథను తరువాత ముప్పదియేండ్లకు ఆ పల్లెలకు పోయి విచారించి వ్రాసినవారు జేమ్స్ రాబిన్సన్ అను అమెరికా పండితులు. ఇటీవలివారు కొందరు దానియందలి వివరములను శంకించుచున్నారు. కుండ కథ ఎట్లున్నను పుస్తకములు సత్యము. పండ్రెండు పుస్తకములు, ఆరవపుస్తకపు అట్టలోపల దోపియుంచిన పదుమూడవదాని ఎనిమిది యాకులు, మొత్తము 52 గ్రంథములు, వేయికి పైబడిన పుటలు. క్రీస్తుశకము నాలుగవశతాబ్దపు వ్రాతలు. క్రైస్తవమతము తొలిదినములలో ఎన్నివిధముల ఆలోచించినదో, ఏయే శాఖలను పిమ్మట త్రోసివేసినదో ఆ శాఖలవారి నోటనే తెలుపునవి.

ఇంతటినిధి దొరకిన పిమ్మట ఏమి జరిగినది? 1946 అక్టోబరులో ఒక పుస్తకము 250 ఈజిప్టు పౌనులకు కైరోలోని కాప్టిక్ మ్యూజియమునకు చేరినది. వేరొకటి ఆల్బర్ట్ ఈద్ అను బెల్జియము వర్తకుని చేతబడి దేశముదాటి, అమెరికాలో బేరమునకు తిరిగి, 1952లో స్విట్జర్లాండులోని యుంగ్ సంస్థవారికి అమ్ముడుపోయినది. ఆ పుస్తకపు పుటలే కొన్ని కైరోలో నిలిచిపోయినవి. ఒకే గ్రంథము, సగము వాక్యము జూరిచ్ నగరమున, తక్కినసగము కైరోనగరమున! మిగిలినవి వర్తకులనుండి ప్రభుత్వము చేతికివచ్చి, హక్కుల వివాదము తెమలువరకు పెట్టెలో ముద్రవేయబడి పడియుండెను. 1952 విప్లవానంతరము అవి జాతీయాస్తియై మ్యూజియములో శాశ్వతముగ చేరినవి. మ్యూజియము అధ్యక్షులై వీని విలువను మొట్టమొదట గ్రహించిన టోగో మీనా గారు 1949లోనే గతించిరి.

పెట్టెలోని వస్తువునకు పట్టిక సరిగా లేకున్న నేమగునో మా పాఠకులలో కచేరీ దస్త్రములతో పరిచయముగలవారు ఊహింపగలరు. తొలుదొల్త చూచిన ఫ్రెంచి పండితుడు దొరెస్ ఒకరీతి సంఖ్యలు వేసెను. ప్యూయెక్ గారు వేరొకరీతి. మ్యూజియమువారును క్రౌజె అను జర్మను పండితుడును మరియొకరీతి. ఒకే పుస్తకమును ఒకరు మూడవదనిన వేరొకరు మరియొకటి యనిరి. ఆ కాలపు వ్యాసములను చదువువారు పక్కన సంఖ్యల తారుమారుపట్టిక పెట్టుకొనిగాని ముందుకు సాగలేకుండిరి. తుదకు ఒక్క వరుసకు అందరును కట్టుబడునప్పటికి ఇరువదియేండ్లు పట్టెను. ఇంకొక ముచ్చట: ఆరవపుస్తకములో నామము లేని చిన్నగ్రంథ మొకటి కలదు. దానిని ముందుగా ప్రకటించినవారు ఏదో యజ్ఞాత మతగ్రంథమనుకొనిరి. ఫొటోలును పాఠమును పలువురి చేతబడిన పిమ్మట, 1974లో షెంకె అను పండితుడు అది ప్లేటో వ్రాసిన ‘రిపబ్లిక్’ లోని యొక భాగమునకు కాప్టిక్ అనువాదమని, అదియు చెడిన అనువాదమని, గుర్తించెను! ప్లేటో లోకమున నెరుగని వాడా? గ్రంథమును చూచుకన్నులు కొద్ది యగుటయే కారణము.

ఇక్కడ మేము ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. గ్రంథములు స్వదేశమున భద్రముగా నున్నవి. పరాయివాడు తీసికొనిపోయినది ఒక్కటియే. అయినను 1946 మొదలు ఇరువదియేండ్లకుపైగా ఆ గ్రంథములు లోకమునకు లేనట్లే యుండినవి. కొన్నిటి ప్రచురణహక్కు కొందరు పండితులకు పంచిపెట్టబడినది. హక్కుపొందినవారు తాము పూర్తిచేయరు, ఇతరులను చూడనీయరు. ఐరోపావిద్వాంసులలో ఈ జబ్బు బలముగా గలదు. మన పండితులలో లేదని మేము చెప్పజాలము. అంతర్జాతీయసంఘ మొకటి కైరోలో కూడి పని మొదలిడునంతలో 1956లో సూయజు యుద్ధము వచ్చి దానిని చెదరగొట్టెను.

ఆ 1956లోనే జరిగిన యొక చిన్నపని మాత్రము గోడకు కన్నము వేసినది. మ్యూజియము అధ్యక్షులు పహోర్ లబీబ్ గారు కొన్ని పుటల ఛాయాపటములను ఒక సంపుటముగ అచ్చువేయించిరి. అచ్చు మేలైనది కాదు, వివరణము లేదు. అయినను అది విపణిలోనికి వచ్చెను, ఎవరైనను కొనవచ్చును. తూర్పు జర్మనీలో కూర్చున్న లైపోల్ట్ అను వృద్ధపండితుడు, ఈజిప్టునకు పోకయే, ఆ ఫొటోలను చూచి తోమా సువార్తను 1958లో అనువదించి ప్రకటించెను. అధికారము పొందిన సంఘమువారి ప్రచురణము 1959లో వచ్చెను. ఒక నాసిరకపు ఫొటోపుస్తకము ఎంత పెద్దయధికారమును తలదన్నినదో చూడుడు.

ఈ పాఠమును చక్కగా నేర్చినవారు రాబిన్సన్ గారు. యునెస్కో సంస్థయు ఈజిప్టు ప్రభుత్వమును కలిసి 1970లో నియమించిన అంతర్జాతీయ సంఘమునకు ఆయన కార్యదర్శి; స్వీడనుదేశపు సేవ సోడర్‌బెర్గ్ గారు అధ్యక్షులు. వారి నిర్ణయము సరళమైనది. ముందు అనువాదములు కావు, వ్యాఖ్యానములు కావు, వాదములు కావు. ముందు ప్రతిపుటకు ఫొటో. అందరికి ఒక్కమారే. 1972లో మొదటి సంపుటము, 1984లో కడపటిది, వెరసి పండ్రెండు సంపుటములు హాలెండులోని లైడెన్ నగరమున అచ్చుపడినవి. ఆయన శిష్యబృందము తాము చేసిన పాఠములను పూర్తికాకమునుపే పలువురికి పంపెను. 1977లో ఆంగ్లానువాదము లన్నియు ఒకే పుస్తకమున వెలువడెను. జూరిచ్ పుస్తకము 1975నాటికి కైరోకు తిరిగివచ్చి తన సోదరగ్రంథములతో కలిసినది. ఈ రాబిన్సన్ గారే 1991లో ఐజెన్‌మన్ గారితో కలిసి, నలుబదియేండ్లు కొందరి గుప్పిటనున్న మృతసముద్ర గ్రంథముల ఛాయాపటములను ప్రకటించిరి. ఆ సంవత్సరముననే కాలిఫోర్నియాలోని హంటింగ్‌టన్ గ్రంథాలయమువారు తమ యొద్దనున్న ఫొటోప్రతులను అందరికి తెరచిరి. ఒకచోట నేర్చిన పాఠము వేరొకచోట పనిచేసినది.

ఫొటో తీయుటయనిన మీట నొక్కుట యని తలపవలదు. ఈ గ్రంథములు కైరోకు చేరునప్పటికే అంచులు విరిగి, ముక్కలు కలిసిపోయి యుండినవి. ఏ ముక్క యే పుటదో తేల్చిగాని ఆ పుటను ఫొటో తీసి ప్రయోజనము లేదు. అక్షరములను బట్టి తేల్చుట ఒక మార్గము. కాని రెండే యక్షరములున్న ముక్కను, ఒక్కటియు లేని అంచుముక్కను ఎట్లు తేల్చుట? అప్పుడు వారు పపైరసు నారను చూచిరి. మేము పైన చెప్పిన అడ్డుబద్దల నార ఒక్కొక్కయాకున ఒక్కొక్కరీతిగా నుండును. ముదురురంగు నార యొకటి ముక్కనుండి పుటలోనికి సూటిగా సాగినయెడల ఆ ముక్క యచ్చటిదే. ముందుపక్క అడ్డునారయు వెనుకపక్క నిలువునారయు రెండును కలిసిన సందేహమే లేదు. అంతేకాదు, పుస్తకపు ఆకులను పొడవైన పపైరసుచుట్టనుండి వరుసగా కోసియుండుటచే ఒక యాకునార ప్రక్కయాకులోనికి కొనసాగును. దీనినిబట్టి సంఖ్యలు చెరిగిన పుటల వరుసను కూడ నిర్ణయించిరి. వడ్రంగి మ్రానుజీర చూచి పలకలు జోడించినట్లు ఆ పండితులు నెలలతరబడి కైరోమ్యూజియములో వంగి కూర్చుండిరి. జోడించిన ఆకును పారదర్శకమైన ప్లెక్సీగ్లాసు పలకలనడుమ నుంచి, ప్రక్కన కొలబద్దయుంచి, రెండుప్రక్కల తీసిరి. మాసిన యక్షరములకు అతినీలలోహిత కాంతిని వాడిరి. మసిసిరా పరారుణకాంతిలో నల్లగా తేలును గావున నేటి సాధనములతో కంటికి కనబడనివి సైతము చదువుటకు వీలగుచున్నది. ఎంత వెదకినను చోటు దొరకని ముక్కలను దాచలేదు. వానికిని సంఖ్యలు వేసి, ఫొటోలు తీసి, సంపుటముల చివర చేర్చిరి. రేపెవడైనను వానికి చోటు చూపవచ్చును గదా.

అట్టల సంగతి ఇంకను ముచ్చటైనది. తోలు అట్టలు బిరుసుగానుండుటకు లోపల చిత్తు పపైరసు అతికియుండిరి. పాత లెక్కలు, ఉత్తరములు, దస్తావేజులు. గ్రంథమునకే మర్యాద లేని దినములలో ఈ చిత్తుకెవరు మర్యాద చేయుదురు? కాని సంఘమువారు దానిని విడదీసి, ప్రత్యేకముగ ఒక సంపుటమునే 1979లో వెలువరించిరి. ఏడవపుస్తకపు అట్టలోని చిత్తులో 341, 346, 348 సంవత్సరముల తేదీలు గల పత్రములు దొరకినవి. ఆ పుస్తకము ఆ తేదీలకు ముందు కట్టబడలేదని ఇంతకంటె గట్టి సాక్ష్య మేమికావలయును?

సూచిక యెట్లు పనిచేయునో తెలుపుటకు తోమా సువార్త కథయే చాలును. ఈజిప్టులోని ఆక్సిరింకస్ అను పాడుదిబ్బలో గ్రెన్‌ఫెల్, హంట్ అను ఆంగ్లేయులకు యేసువాక్యములు గల మూడు గ్రీకుముక్కలు దొరకినవి. ఒకదానిని 1897లోను తక్కిన రెండింటిని 1904లోను ప్రకటించి, 1, 654, 655 అని సంఖ్యలు వేసిరి. ఏ గ్రంథములోనివో వారికి తెలియలేదు. తెలియనిదానిని తెలియనిదిగనే ఫొటోతో, సంఖ్యతో, పాఠముతో నిలిపిరి. ఏబదియేండ్లకు నాగ్ హమ్మాది పుస్తకములో 114 వాక్యములు గల తోమా సువార్త కాప్టిక్‌లో సంపూర్ణముగ కనబడగా, ప్యూయెక్ గారు 1952లో ఆ మూడుముక్కలును దాని గ్రీకుమూలపు శకలములే యని చూపిరి. తెలియదుకదా యని ఆ ముక్కలను సంఖ్య లేక సంచిలో వేసియుండిన?

దీనికి ప్రతికూలమైన కథ యూదా సువార్తది. మిన్యా ప్రాంతమున 1970 ప్రాంతములలో దొరకినదనబడు కాప్టిక్ పుస్తకము 1983లో జెనీవా నగరమున ఒక హోటలు గదిలో బేరమునకు పెట్టబడినది. చూడవచ్చిన పండితులలో స్టీఫెన్ ఎమ్మెల్ ఒకరు. నాగ్ హమ్మాది ముక్కలను కైరోలో జోడించి చేయితిరిగిన వ్యక్తి. వారికి కొంచెముసేపు మాత్రమే చూపిరి. ఫొటో తీయరాదు, వ్రాసికొనరాదు. అడిగిన వెల ముప్పదిలక్షల డాలర్లు. బేరము కుదరలేదు. గ్రంథము అమెరికాలో లాంగ్ ఐలండు మీది యొక బ్యాంకు పెట్టెలో పదునారేండ్లు మ్రగ్గినది. పిమ్మట ఒక వర్తకుని చేతబడి, రక్షణ పేరిట, మంచుపెట్టెలో పెట్టబడినది! కరగిన తడికి అది నుగ్గైనది. 2001 తరువాత స్విట్జర్లాండులో కాసెర్ పండితుడును, దార్బ్ర్ అను మరమ్మతు నేర్పరియు ఏండ్లతరబడి దాదాపు వేయి ముక్కలను కూర్చి, 2006లో పాఠమును లోకమునకు తెలిపిరి. ఎన్నో పంక్తులు ఎన్నటికిని రావు. ఆనాడు ఆ హోటలు గదిలో ఒక్క గంటసేపు కెమెరాను అనుమతించియుండిన ఆ పంక్తులు నేడు మనకుండెడివి. వర్తకునికి తన వెల తగ్గునేమో యన్న భయము! పోయినది ఆ వెలకు మాత్రము సరిపోవునా?

పండితుల సంరక్షణలోనున్నవి సైతము క్షేమమని తలపరాదు. 1929లో ఫయ్యూం ప్రాంతమున మదీనత్ మాది యొద్ద దొరకిన మానీమతస్థుల కాప్టిక్ గ్రంథములలో కొన్ని బెర్లినుకు పోయినవి. అచ్చట ఇబ్షర్ అను నేర్పరి అంటుకొనిపోయిన ఆకులను ఒక్కొక్కటిగ విడదీయుచుండెను. రెండవ ప్రపంచయుద్ధపు అలజడిలో వానిలో పెక్కు యాకులు, పూర్తిగ ప్రచురణము కాకమునుపే, మాయమైనవి. మానీ వ్రాసిన యుత్తరముల పుస్తకము చాలవరకు అందులో పోయినది. తోలుపత్రములపై వ్రాసిన శ్వేతమఠపు గ్రంథముల గతి వేరు: అవి నశింపలేదు గాని చెదరినవి. ఒక పుస్తకపు ఆకులు పారిసున, లండనున, నేపుల్సున, వియన్నాలో, కైరోలో. షెనూతె అను మఠాధిపతి రచనలను ఆ యాకులనుండి తిరిగి పుస్తకములుగ కూర్చుటకు ఎమ్మెల్ గారికి సాధనమైనవి ఆ నగరముల సూచికలును ఫొటోలునే. ఆ కృషి 2004లో అచ్చుపడినది.

స్వదేశాభిమానము గలవారు ఇచ్చట ఒక సందేహము వెలిబుచ్చవచ్చును. ఫొటోలు విదేశీయుల చేతికిచ్చిన పిమ్మట మూలగ్రంథము మనయొద్దనుండి యేమి లాభము? గౌరవమంతయు వారికే పోవును గదా! మేమీ వాదమును ఒప్పుకొనజాలము. జూరిచ్ పుస్తకము తిరిగి రావలయునని మొదటినుండి కోరదగినదే, వచ్చుట న్యాయమే. మూలగ్రంథము పుట్టిన నేలనుండి కదలరాదు, కదలినది మరలి రావలయును. కాని నాగ్ హమ్మాది గ్రంథములను ఇరువదియేండ్లు మూగవి చేసినది దేశాంతరగమనము కాదు, మూసినతలుపు. తలుపునకు లోపలనున్నవాడు స్వదేశీయుడైనంతమాత్రమున మూసినతలుపు తెరచినట్లు కాదు. పైగా లోకమంతయు ఫొటోను చూచి ఆ సంఖ్యతోనే ఉదహరించుచుండగా, ప్రతియుదాహరణయు మూలము కైరోలో నున్నదని చాటుచునే యుండును. దొంగకు ఫొటోతీసిన గ్రంథమును అమ్ముట కష్టము. పట్టికలో నెక్కని యాకునే అమ్మవచ్చును.

మేము విచారించునది వేరొకటి కలదు. ఈజిప్టుదేశపు గ్రంథముల ఫొటోసంపుటములు లైడెనున అచ్చై, సామాన్య ఈజిప్టు విద్యార్థి కొనజాలని వెలకు అమ్ముడుపోయినవి. ఈనాడు ఆ కృషికి సంబంధించిన ఛాయాచిత్రములు క్లేర్‌మాంట్ కళాశాలలవారి గ్రంథాలయముద్వారా అంతర్జాలమున వెలలేకుండ చూడగలుగుట కొంత యూరట. అయినను చూచుటవేరు, చేయుట వేరు. సూచికలు వ్రాయు స్వదేశీయులు కావలయును. ఇది యసాధ్యము కాదని ఆ దేశమువారే చూపియున్నారు. 1908లో కాప్టిక్ మ్యూజియమును స్థాపించిన మార్కస్ సిమైకా పాషా గారు, యస్సా అబ్దుల్ మసీహ్ గారి తోడ్పాటుతో, మ్యూజియములోను పాత్రియార్కు పీఠములోను నున్న కాప్టిక్, అరబ్బీ వ్రాతప్రతులకు 1939, 1942 సంవత్సరములలో సూచికలు ప్రకటించిరి.  సంపుటములకొద్ది సిద్ధాంతములు వ్రాసినవారికంటె మేమీ యిద్దరిని పెద్దవారిగ నెన్నుచున్నాము.

ఆంధ్రదేశమున నివి యన్నియు క్రొత్తవి కావు. మెకంజీ దొర కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగువారి చేత ఊరూరు తిరిగించి కూర్పించిన కైఫీయతులును వ్రాతప్రతులును ఆయన పోయిన పిమ్మట కొన్ని లండనుకు, కొన్ని మదరాసుకు చేరినవి. 1828లో విల్సను పేర వెలువడిన దాని సూచికకు మనదేశపు పండితులు తయారుచేసిన సారాంశములే ఆధారము. ఆ సూచిక యున్నది గావుననే ఏది ఎచ్చట నున్నదో నేటికిని వెదకగలుగుచున్నాము. సూచిక కెక్కని తాళపత్రములు అటుకలమీద ఎన్ని చెదలపాలైనవో లెక్కచెప్పగలవా రెవరు?

ఈజిప్టు గ్రంథములకు వత్తము. ప్రభుత్వములును మ్యూజియములును వర్తకులును ఇకనైన నొక నియమమునకు లోబడవలయునని మా కోరిక. ఏ కాప్టిక్ యాకు వెలుగులోనికి వచ్చినను, అది యెవరిది యన్న వ్యాజ్యము తేలకమునుపే, రెండుప్రక్కల ఫొటో తీసి, సంఖ్య వేసి, దొరకినచోటు తెలిసినంతవరకు వ్రాసి, ప్రతిని కాప్టిక్ మ్యూజియమునకును ఇంకొక్క దూరదేశపు గ్రంథాలయమునకును పంపవలయును. వ్యాజ్యము పదియేండ్లు నడచినను నడచుగాక. పపైరసు అంతవరకు ఆగదు.